తొమ్మిది వారాలు చదివిన పేరు

వారం వారం మొదట్లో వెనకటి కథ గుర్తు చేయాలని సంపాదకుడి ఆజ్ఞ. చదివేవాళ్లకు అంత మతిమరుపు ఉంటుందని నేననుకోను. అయినా పత్రిక ఆయనది కాబట్టి చెబుతాను. యుద్ధానికి ముందు నేను అచ్చాఫీసులో ప్రూఫులు చదివేవాణ్ణి. యుద్ధంలో పట్టుబడి, ఖైదీల శిబిరంలో ఉన్నన్నాళ్లూ శత్రువుల రేడియోలో వాళ్లిచ్చిన కాగితాలు చదివాను. ముప్ఫై ఎనిమిదేళ్లు గడిచాక మన రేడియోవాళ్లకు నా గొంతు గుర్తుకొచ్చి, యుద్ధఖైదీల జ్ఞాపకాల మీద ఒక ప్రత్యక్ష ప్రసారం పెట్టారు. అందులో నేనేం జ్ఞాపకం తెచ్చుకోవాలో కూడా రెండు పేజీలు టైపు చేయించి పంపారు. నేను చదవనన్నాను. మా మాజీ ఖైదీల సంఘం అధ్యక్షుడు, శిబిరంలో మా షెడ్డుకు పెద్దగా ఉన్న తాపీమేస్త్రీ, చచ్చినట్టు చదవాలన్నాడు. ఆ తగువు తెగకముందే, ప్రసారానికి ముందురోజు మధ్యాహ్నం, ముక్కూమొహం తెలియని ఒకావిడ మా గుమ్మంలోకి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరు మా ఆయన పేరు చదవబట్టే నేను బతికాను అన్నయ్యగారూ" అంది. మా షెడ్డులో ఉండిన టెలిఫోన్ లైన్‌మాన్ భార్య ఆవిడ. పోయిన వారం అక్కడ ఆపాను.

ఆవిణ్ణి లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. మా ముందుగది చిన్నది. రెండు కుర్చీలు, నిఘంటువుల బీరువా, కిటికీ కింద నా మంచం. పక్కగదిలో మా కోడలు బట్టలు కుడుతుంది. మిషను చప్పుడు ఆగిందంటే ఇక్కడి మాటలు అక్కడికి వెళ్తున్నాయని లెక్క. ఆవిడ కుర్చీలో కూర్చోగానే మిషను ఆగిపోయింది.

ఆవిడ ముప్ఫై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయిందట. ఆ సంగతి చెప్పక్కర్లేదు, గొంతు వింటే తెలుస్తుంది. మామూలుగా మాట్లాడినా చివరి సీటుదాకా వినిపిస్తుంది.

"మా డిపోలో పాత టైర్లు పడేసే గది ఒకటుండేది అన్నయ్యగారూ. రేడియో అందులో దాచాం. శత్రువుల స్టేషను వింటే జైలే కదా అప్పట్లో? ఏడుగురం ఆడవాళ్లం టైర్ల మీద కూర్చునేవాళ్లం. ఎవరైనా వస్తే బకెట్టు మోగించడానికి ఒకతె బయట. శనివారం సాయంత్రం ఐదింటికి మీరు పేర్లు చదివేవారు. పేరు, నంబరు, చేసే పని, 'క్షేమం'. అంతే! ఎంత చప్పగా చదివేవారండీ బాబూ! ఆ చప్పటి గొంతు కోసం వారమంతా కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసేదాన్ని."

"చప్పగా చదవడం నా వృత్తేనమ్మా" అన్నాను.

ఆ చప్పదనం నాకు ఊరికే రాలేదు. శిబిరం మధ్యలో ఒక స్తంభానికి లౌడ్‌స్పీకరు కట్టారు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి దీపాలార్పేదాకా వాగేది. అందులో ఒకామె మన భాషలో మాట్లాడేది. ఒక్క తప్పు ఉండేది కాదు, గొంతులో పంచదార కారిపోయేది. మీ నాయకులు విందులు చేసుకుంటున్నారు నాయనలారా. మీ భార్యలు మిమ్మల్ని మరిచిపోయారు నాయనలారా. మేం ఆమెకు 'అత్తగారు' అని పేరు పెట్టాం. మా కోడలు ఈ సీరియల్ చదువుతుంది కనుక కారణం వివరించను. ఆ లౌడ్‌స్పీకరులో మా రాజధాని మూడుసార్లు పడిపోయింది. మధ్యలో ఎప్పుడెప్పుడు లేచిందో మాత్రం అత్తగారు చెప్పలేదు. మొదట్లో పడీపడీ నవ్వాం. ఆరు నెలలయ్యేసరికి నవ్వేవాళ్లు తగ్గారు. అబద్ధమని తెలిసిన మాటైనా సరే, రోజుకు పదిసార్లు చెవిలో పోస్తే లోపల ఎక్కడో దిగుతుంది. పక్కవాడు గోడవైపు తిరిగి పడుకున్నాడంటే 'భార్యలు మరిచిపోయారు' అన్న మాట విన్నాడని మాకు తెలిసిపోయేది. ఆ గొంతు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తర్వాత నన్ను మైకు ముందు కూర్చోబెట్టారు. అచ్చాఫీసువాడు కదా, స్పష్టంగా చదువుతాడని. అచ్చాఫీసులో ప్రూఫు సరిచూసేటప్పుడు ఒకడు రాతప్రతి పైకి చదవాలి, ఇంకొకడు అచ్చులో పోల్చుకోవాలి. పైకి చదివేవాడు మాటలే కాదు, కామాలూ చుక్కలూ కూడా పలకాలి. నేనూ అలాగే చదివాను. "మమ్మల్ని ఇక్కడ కామా సొంత బిడ్డల్లా చూస్తున్నారు ఫుల్‌స్టాప్ రెండు పూటలా కామా కడుపునిండా పెడుతున్నారు ఆశ్చర్యార్థకం." ఎవడో రాసిచ్చిన కాగితం చదువుతున్నానని రేడియో వింటున్న ప్రతివాడికీ తెలియాలని నా ఉద్దేశం. అక్కడి ఆఫీసరు మా భాషలో అదే పద్ధతి కాబోలనుకుని రెండు రోజులు ఊరుకున్నాడు. మూడోరోజు అత్తగారు చెప్పేసింది. నాకు పదకొండు రోజులు చీకటి కొట్టు, ఊడినవి రెండు పళ్లు. బయటికొచ్చేసరికి శిబిరమంతా నన్ను 'కామా' అని పిలుస్తోంది. ఆ బిరుదు చూసుకుని ఇప్పటికీ మురిసిపోతాను, దాచుకోవడం దేనికి?

ఆ తర్వాత ఆఫీసరు నా చేతికి ప్రసంగాలివ్వడం మానేశాడు. పేర్ల జాబితాలే ఇచ్చేవాడు. ఉత్త పేర్లలో వీడేం వేషాలేస్తాడు అనుకున్నాడు. నన్ను షెడ్డునుంచి తీసేసి రేడియో గది వెనక స్టోరులో పడుకోమన్నారు. ఆదివారం ఒక్కపూట మాత్రం షెడ్డుకు వెళ్లి మనవాళ్లను చూసి రావచ్చు.

ఇదంతా ఆవిడకు నాలుగు ముక్కల్లో చెప్పాను. కామాల సంగతికి ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని ఇలా అంది:

"ఊరు ఖాళీ చేయమన్నారు కదా అప్పుడు? అందరూ వెళ్లిపోయారు. నేను వెళ్లలేదు. శనివారం మీరు క్షేమమంటున్నారు, రేపో మాపో వస్తాడు, తాళం చూసి ఎటో పోతాడని నా పంతం. నన్ను వదిలి మా అమ్మ కూడా కదల్లేదు. మీరు పేరు చదవడం మొదలైన ఏడోవారం బాంబు పడి ఇల్లు కూలింది. నేను డ్యూటీలో ఉన్నా. అమ్మ ఇంట్లో ఉంది. మర్నాడు శనివారం. టైర్ల గదికి వెళ్లి కూర్చున్నా. మీరు ఆయన పేరు చదివారు. అందుకే లేచి మళ్లీ పనికెళ్లా. లేకపోతే అమ్మ వెనకే నేనూ పోయేదాన్నే. ఆ రుణం తీర్చుకోలేను గానీ, రేపు మీరు రేడియోలో మాట్లాడతారని తెలిసి, దండం పెట్టుకుందామని వచ్చా."

దండం! నాకు! ఆ మాట అనకుండా ఉంటే నేను ఎప్పటిలాగే నోరు మూసుకుని ఉండేవాణ్ణేమో. ఆవిడ చేతులు జోడించేసరికి నాకు తల కొట్టేసినట్టయింది.

"దించమ్మా చేతులు" అని అరిచాను. "నాకు దండం పెట్టకు. నేను పేరు చదివిన తొమ్మిది వారాలూ మీ ఆయన లేడు."

"లేడంటే?"

"పోయాడు. నేను మొదటిసారి ఆయన పేరు చదవడానికి మూడు రోజుల ముందే పోయాడు."

పక్కగదిలో కత్తెర కిందపడిన చప్పుడైంది. ఆవిడ కదల్లేదు.

"మీకు తెలియక చదివారా, తెలిసే చదివారా?"

"మొదటి వారం తెలియదు. మిగతా ఎనిమిది వారాలూ తెలిసే చదివాను."

చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. ఒక ఆదివారం షెడ్డుకు వెళితే లైన్‌మాన్ పక్క ఖాళీగా ఉంది. ఏడని అడిగాను. బుధవారం పోయాడు, కొత్తగా తవ్విన కాలువ మట్టిలో పూడ్చేశాం, గట్టిగా అరవకు అన్నాడు మేస్త్రీ. చావు సంగతి పైకి చెబితే ఒక మనిషి రొట్టె తగ్గిపోతుంది. షెడ్డులో సగంమంది లేచి నిలబడలేని స్థితిలో ఉన్నారు. అందుకని పొద్దున లెక్క పెట్టేటప్పుడు ఎడమచివర లెక్కయినవాడు వంగి, వరస వెనకనుంచి నడిచొచ్చి కుడిచివర మళ్లీ నిలబడుతున్నాడు. లెక్క సరిపోతోంది, రొట్టె వస్తోంది. జాబితాలో వాడి పేరు వస్తుంది, నువ్వు మామూలుగా చదివెయ్, వదిలేశావా మా అందరి పీకలకూ వస్తుంది అన్నాడు మేస్త్రీ. అంటూ నా చేతిలో ఒక రొట్టెముక్క పెట్టాడు.

"తిన్నారా?" అంది ఆవిడ.

"తిన్నాను. ఆ ఒక్కరోజే కాదు, ప్రతి ఆదివారమూ తిన్నాను. పదోవారం శిబిరంలో విషజ్వరం పాకింది. జ్వరంతో పోయాడని అప్పుడు రాయించారు. మీకు వచ్చిన కాగితంలో ఉన్నది అదే."

తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. ఆవిడ లేచి కిటికీ దగ్గరకు వెళ్లి, కమ్మీలు పట్టుకుని వీధిలోకి చూస్తూ నిలబడింది.

"అంటే మా అమ్మ ఊరికే పోయింది" అంది, అటు తిరిగే.

క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. మా కోడలు మంచినీళ్లు తెచ్చి ఆవిడ పక్కన పెట్టి, నావైపు ఒక చూపు చూసి వెళ్లింది. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరికీ నేను ఈ సంగతి చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే మేస్త్రీ ఊడిపడ్డాడు. డెబ్బై ఆరేళ్లవాడు, ఇంకా మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతాడు. చేతిలో ఆ టైపు కాగితాలు.

"ఒరేయ్ కామా, ఆఖరిసారి చెప్తున్నా. నువ్వు బుద్ధిగా ఇది చదువు. నీకు నచ్చని వాక్యం ఒకటి కొట్టేయించా, చూసుకో."

"శత్రువు తుపాకీ పట్టుకుని నిలబడితేనే వాడి కాగితం తిన్నగా చదవలేదు. నీ చేతిలోని కాగితానికి భయపడతానా? 'లైన్‌మాన్ నా చేతుల్లో ప్రాణం విడిచాడు' అనే వాక్యం ఉందా, తీసేశావా?"

"అది ఉంటుంది. అది ఉండాలి."

"నేను చూడని చావు నా చేతుల్లోకి ఎలా వచ్చిందిరా?"

"ఏం, కాస్త గౌరవంగా ఉంటుందని..." అంటూ మేస్త్రీ అప్పుడు చూశాడు కిటికీ దగ్గర మనిషిని. ఎవరని కళ్లతోనే అడిగాడు. చెప్పాను. నిజం మొత్తం చెప్పేశానని కూడా చెప్పాను. మేస్త్రీ మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. అయినా సంఘం అధ్యక్షుడు కదా, ఒక్క నిమిషంలో తేరుకుని గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, వీడు సగమే చెప్పాడు. అసలు ఆ మాట మాతో అన్నది మీ ఆయనే. ఆఖరి ఘడియల్లో నా చెయ్యి పట్టుకుని, 'మేస్త్రీ, నేను పోతే పైకి చెప్పకండి, నా రొట్టె నలుగురూ పంచుకోండి' అన్నాడు. దేవుడిలాంటి మనిషి!"

ఆవిడ ఇటు తిరిగింది. మేస్త్రీని ఎగాదిగా చూసింది. టిక్కెట్టు లేకుండా బస్సెక్కి కబుర్లు చెప్పేవాళ్లను ఆవిడ ముప్ఫై ఏళ్లు చూసిన మనిషి.

"ఎవరు? మా ఆయనా?" అంది. "రొట్టె పంచుకోమన్నాడా?"

"అవునమ్మా. నా చెవులతో విన్నా."

"మా ఆయన పళ్లెంలో చెయ్యి పెడితే వేలు కొరికే రకమండీ! పెళ్లయిన కొత్తలో నా పళ్లెంలోది కూడా లాక్కుని తినేవాడు. నూట మూడు జ్వరంలో దిండు కింద బిస్కట్లు దాచుకుని, మా అమ్మ చూస్తే నిద్ర నటించాడు. మంచివాడే, నన్ను ప్రాణంలా చూసుకున్నాడు. కానీ తిండి దగ్గర మాత్రం కన్నతల్లిని కూడా నమ్మడు. అబద్ధం చెప్తే చెప్పారు, కాస్త మనిషిని చూసుకుని చెప్పండి!"

ఆ మాటకు నాకు నవ్వాగలేదు. నిజమే! షెడ్డులో తన రొట్టె చొక్కా లోపల దాచుకుని, గోడవైపు తిరిగి తినేవాడు లైన్‌మాన్. ఇన్నేళ్లూ మేస్త్రీ ఈ మాట చెప్పినప్పుడల్లా నాకెందుకు తట్టలేదు?

మేస్త్రీ నీళ్లు నమిలాడు. "అంటే... పోయేముందు మనిషి మారతాడు కదమ్మా..."

"ఎక్కడ పూడ్చారు?"

"కాలువ దగ్గర."

"ఎవరెవరు మోశారు?"

"అంటే... ఇద్దరు ముగ్గురం."

"పేర్లు చెప్పండి. కాళ్లు ఎవరు పట్టుకున్నారు, తల ఎవరు పట్టుకున్నారు? ఒంటి మీద ఏముంది? కుడికాలికి మచ్చ చూశారా?"

మేస్త్రీ నావైపు చూశాడు. ఆదుకోమన్నట్టు! ఈ ప్రశ్నలు నేను కూడా అడిగి ఉండాల్సింది. రొట్టెముక్క చేతిలో పడగానే నోరు మూసుకున్నాను. ఇప్పుడు మాత్రం మూసుకోదలచుకోలేదు.

"చెప్పరా" అన్నాను. "నాకూ చెప్పు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా రొట్టె నోట్లో పెట్టుకుంటే గొంతులో అడ్డం పడుతోంది. వాడి శవం నువ్వు చూశావా లేదా?"

మేస్త్రీ నా మంచం మీద కూలబడ్డాడు. తల దించుకున్నాడు.

"శవం లేదురా" అన్నాడు.

మిషను గదిలోంచి మా కోడలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. దాక్కుని వినాలన్న ధ్యాస కూడా పోయింది ఆమెకు.

"బుధవారం సాయంత్రం లౌడ్‌స్పీకరు తీగ తెగింది. లైన్‌మానే కదా అని కంచె అవతలి స్తంభం ఎక్కించారు. ఎక్కినవాడు మళ్లీ ఇటు దిగలేదు. తీసుకెళ్లిన కాపలావాడు తన తల ఎగిరిపోతుందని, ఖైదీ తిరిగొచ్చాడని రాసుకున్నాడు. ఇక మేం లెక్క చూపించడమే మిగిలింది. ఎన్ని రోజులు లెక్క సరిపోతే వాడు అంత దూరం పోతాడు. సరిహద్దు దాటాడని కబురొచ్చేదాకా తొమ్మిది వారాలు పట్టింది. ఆ తర్వాతే జ్వరంలో కలిపేశాం."

"మరి నాతో పోయాడని ఎందుకు చెప్పావ్?"

"నువ్వు రేడియో గదిలో పడుకునేవాడివి. వాళ్ల మైకు ముందు కూర్చునేవాడివి. నీకెలా చెప్తాంరా?"

"నేనా? రెండు పళ్లు ఊడగొట్టించుకున్నవాణ్ణా?"

"అందరం ఓట్లేసుకున్నాం. చెప్పొద్దనే తేలింది." మేస్త్రీ తలెత్తలేదు. "చచ్చాడని చెప్పి రొట్టె తినిపిస్తే, ఆ తప్పు నీకూ అంటుకుంటుంది, ఇక నోరు విప్పవని... ఆ ఉపాయం నాదే."

చెయ్యెత్తేవాణ్ణే. డెబ్బై ఆరేళ్లవాడైతేనేం? కానీ ఆవిడ మా ఇద్దరి మధ్యకు వచ్చి, మంచం ముందు నిలబడింది. ఆవిడకు నా రొట్టెతో పని లేదు, మా ఓట్లతో పని లేదు. చివరి సీటుదాకా వినిపించే ఆ గొంతు ఒక్కసారిగా నాకే సరిగా వినపడనంత చిన్నదైపోయింది.

"అయితే మా ఆయన బయటపడ్డాడు."

"బయటపడ్డాడమ్మా."

"మరి ఇంటికెందుకు రాలేదు?"

"మీ వీధిదాకా వచ్చాడు..." అని మేస్త్రీ మిగతా మాట మింగేశాడు.

"బతికే ఉన్నాడా?"

మేస్త్రీ చేతిలో కాగితాలు సర్దుకున్నాడు. ఆవిడ మళ్లీ అడిగింది. ఈసారి అడిగిన తీరుకు వీధిలో వెళ్లేవాడు కూడా ఆగి ఉంటాడు.

"ఉన్నాడు" అన్నాడు మేస్త్రీ. "ఎక్కడని అడక్కు. ఎందుకు రాలేదని కూడా అడక్కు. చెప్పనని మాటిచ్చా. కానీ యుద్ధం మీద రేడియోలో ఏం వచ్చినా వదలడు. రేపు పదింటికి రేడియోకి చెవి ఆనించి కూర్చుంటాడు. అందుకే ఈ కామాగాణ్ణి కాగితం దాటి ఒక్క ముక్క మాట్లాడొద్దని నెత్తీనోరూ కొట్టుకుంటున్నా."

ఆవిడ మేస్త్రీ చేతిలోంచి రెండు పేజీలూ తీసుకుంది. చదవలేదు. నాలుగు మడతలు పెట్టి, మళ్లీ అతని చొక్కా జేబులోనే పెట్టింది.

"మీ మాట మీరే ఉంచుకోండి. ఎందుకు రాలేదో ఆయనే చెప్తాడు" అంది. తర్వాత నావైపు తిరిగింది. ఇందాక జోడించిన చేతులు ఇప్పుడు నడుం మీద ఉన్నాయి.

"అన్నయ్యగారూ, రేపు ఆ మైకు ముందు మీ పక్కన ఇంకో కుర్చీ వేయించండి. ఈసారి ఆయన పేరు నేను చదువుతాను."